ఇంట్లో తూటాలు నింపుకోవడమా, పెల్లెట్ డబ్బాలు కొనడమా: మన జిల్లాల్లో షూటింగ్ ప్రాక్టీసుకి ఏది గిట్టుబాటు

జవాబు ముందే చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు మిగతాది చదవండి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి షూటింగ్ నేర్చుకుంటూ ఖర్చు తగ్గించుకోవాలనుకునే వాళ్ళకి ఇంట్లో తూటాలు నింపుకోవడం అసలు దారే కాదు. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా లెక్క కుదరదు. కుదిరేది పది మీటర్ల ఎయిర్ షూటింగ్, అంటే పెల్లెట్ అనే చిన్న సీసం గుండుని గాలి ఒత్తిడితో పది మీటర్ల దూరంలోని గురి బోర్డు మీదకి కొట్టే ఆట. అందులో కూడా ముందు పిస్టలా రైఫిలా అన్నది తేల్చుకోండి, పెల్లెట్లు ఏవి, గాలి ఎలా నింపాలి అన్నవి ఆ తర్వాత. చాలామంది ఈ వరస తిరగేసి, ముందు తుపాకీ కొనేసి, తర్వాత "ఇప్పుడు గాలి ఎక్కడ పట్టించాలండీ" అని అడుగుతున్నారు.

ఈ రీలోడింగ్ గోల, అంటే పేల్చేసిన తూటా తొడుగుని ఇంట్లో మళ్ళీ నింపుకోవడం, ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. యూట్యూబులో అమెరికా వాళ్ళ వీడియోలు, లేకపోతే అక్కడున్న చుట్టాలు. "మా బావమరిది డల్లాస్‌లో గరాజ్‌లోనే నింపుకుంటున్నాడు, సగానికి సగం మిగులుతోందట, మనం ఎందుకు కొనాలి?" అనే ప్రశ్న ఇక్కడ బాగానే వినిపిస్తోంది. కాబట్టి ముందు ఆ సగానికి సగం సంగతి చూద్దాం, అక్కడి లెక్క అక్కడి డాలర్లలోనే.

ఒక తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత లాంటి ప్రైమర్, లోపల తుపాకీ మందు, పైన బులెట్. పేల్చాక మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే, దాన్ని మళ్ళీ వాడుకోవచ్చు. రీలోడింగ్‌లో మిగులు అంతా ఈ ఇత్తడి మీద, ఆపైన సొంత కష్టానికి కూలి వేసుకోకపోవడం మీద నడుస్తుంది. 2019 దాకా అక్కడ వెయ్యి ప్రైమర్లు 30 డాలర్ల ప్రాంతంలో దొరికేవి. 2020లో కోవిడ్‌తో పాటు కొరత మొదలయ్యాక రేటు రెండింతలు దాటింది, తర్వాత కొరత తీరినా పాత రేటుకి మాత్రం దిగలేదు. ఇప్పుడు వెయ్యి 75 డాలర్లు అనుకుందాం, అంటే ఒక్కో ప్రైమర్ ఏడున్నర సెంట్లు. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తూటాకి మందు చాలా తక్కువ పడుతుంది, మూడు సెంట్లు వేసుకోండి. బులెట్ పదకొండు సెంట్లు. రేంజిలో ఏరుకున్న ఇత్తడి కాబట్టి దానికి సున్నా. మొత్తం ఇరవై ఒకటిన్నర సెంట్లు. ఫ్యాక్టరీ తూటా పెద్ద పెట్టెల్లో కొంటే పాతిక సెంట్ల దగ్గర దొరుకుతుంది. మిగిలింది మూడున్నర సెంట్లు. తూటా బిగించే ప్రెస్సు, దానికి అచ్చుల్లాంటి డైలు, త్రాసు వగైరా 500 డాలర్లు పెట్టి కొన్నవాడికి ఆ డబ్బు వెనక్కి రావాలంటే 14,000 తూటాలకు పైగా నింపాలి. ఆదివారం సాయంత్రాలన్నీ గరాజ్‌లో గడిచిపోతాయి, ఇంట్లో వాళ్ళు పలకరించడం మానేస్తారు.

అదే .308 లాంటి పెద్ద రైఫిల్ తూటా అయితే కథ మారుతుంది. పౌండు మందు అంటే 7,000 గ్రెయిన్లు. ఒక్కో తూటాకి 45 గ్రెయిన్ల ప్రాంతంలో పడితే పౌండుకి 155 తూటాలు వస్తాయి, పౌండు 45 డాలర్లు అయితే మందుకే 29 సెంట్లు. మంచి మ్యాచ్ (పోటీ రకం) బులెట్‌కి 45, ప్రైమర్‌కి 8, ఇత్తడి నాలుగైదు సార్లు వాడగా అరుగుదల కింద 10. మొత్తం 92 సెంట్లు. అదే తరగతి ఫ్యాక్టరీ తూటా డాలరున్నర అనుకుంటే ఒక్కోదాని మీద 58 సెంట్లు మిగులు, 860 తూటాలకే పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. దూరం కొట్టేవాళ్ళు, వేటకి వెళ్ళేవాళ్ళు, ఎక్కడా దొరకని పాత సైజుల తుపాకులున్న వాళ్ళు అక్కడ రీలోడింగ్ చేస్తున్నది అందుకే. డల్లాస్ బావమరిది ఈ కోవలోకి వస్తే ఆయన చెప్పింది నిజమే. ఉత్త పిస్టల్ సరదాకి చేస్తుంటే మాత్రం సగానికి సగం అన్నది కాస్త గొప్పలే. పైగా అక్కడ కూడా మందు రెండుసార్లు పడిన తూటా తుపాకీని పగలగొడుతుంది, అసలు పడని తూటా బులెట్‌ని గొట్టంలోనే ఇరికిస్తుంది, దాని వెనక ఇంకోటి పేల్చితే ఆ తర్వాత డబ్బు లెక్కలు ఎవరికీ గుర్తుండవు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మన వైపు షూటింగ్ పిల్లలు ఎయిర్ తర్వాత వెళ్ళేది .22 కి. ఎన్.సి.సి.లో చేసిన వాళ్ళందరికీ తెలిసిన తూటా అది. దాన్ని ఇంట్లో తిరిగి నింపడం మామూలు వాడుకలో లేదు. అది రిమ్‌ఫైర్, అంటే ప్రైమర్ అనేది విడిగా ఉండదు, అంటుకునే రసాయనం తొడుగు అంచు మడతలోనే ఉంటుంది, సూది ఆ అంచుని నలగ్గొడితే పేలుతుంది. ఒకసారి నలిగిన అంచుని మళ్ళీ పనికి తేవడం గిట్టుబాటయ్యే పని కాదు. కాబట్టి ".22 కి రీలోడింగ్ కిట్ ఎక్కడ దొరుకుతుంది" అని వెతికే వాళ్ళు ఆ వెతుకులాట ఆపేయొచ్చు.

ఇక మన చట్టం. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 2 చూస్తే తూటా కిందికి తూటా ఒక్కటే కాదు, దాని విడి భాగాలూ, తయారుచేసే యంత్రాలూ కూడా వస్తాయి. ప్రెస్సు తెప్పించి బల్ల మీద పెట్టుకుంటే చాలు, ఇంకా ఒక్క తూటా కూడా నింపకపోయినా కేసు పరిధిలోకి వచ్చేసినట్టే. తయారీకి సెక్షన్ 5 కింద లైసెన్సు వేరే ఉంటుంది, మీ తాతగారి పేరు మీద నుంచి మీకు మారిన పన్నెండు బోరు తుపాకీ లైసెన్సు దానికి పనికిరాదు. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. "అమెరికా నుంచి వచ్చేటప్పుడు డైలు రెండు సూట్‌కేసులో వేసుకొస్తాడు, చిన్నవే కదా" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. వద్దని గట్టిగా చెప్పండి.

పన్నెండు బోరు ఉన్నవాళ్ళ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే వాళ్ళకి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. లైసెన్సు మీద ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది, ఆ మేరకి లైసెన్సున్న డీలరు దగ్గర ఫ్యాక్టరీ తూటాలు కొనుక్కోవడమే. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలు చాలామంది చూసే ఉంటారు. 2021 అక్టోబర్లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలని ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఖడ్కీ మ్యునిషన్స్ ఇండియా కిందికి వెళ్ళింది. సముద్రం పక్క గాలి కదా, పాత కాగితం తొడుగు తూటాలు ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటే ఉబ్బి గొట్టంలో సరిగా కూర్చోవు. అలాంటివి ఉంటే విప్పి చూడాలని, మందు మార్చాలని సరదా పడకండి, డీలరుకో పోలీస్ స్టేషన్‌కో చెప్పి అప్పగించేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. శ్రీకాకుళం అంటే బరువులెత్తే జిల్లా అని దేశానికి పరిచయం, ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది. ఆ ఆటలో ఇనుము ఒకసారి కొంటే తరం మారినా అదే ఇనుము. షూటింగ్ అలా కాదు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ చేతి నుంచి డబ్బు పోతుంది. అందుకే తుపాకీ ధర చూసి నిర్ణయం తీసుకునే వాళ్ళకంటే ఒక్కో షాటుకి ఎంత అని చూసేవాళ్ళే ఈ ఆటలో నిలబడతారని నా గట్టి నమ్మకం.

ఎయిర్ గన్ చట్టం మీద చాలా అపోహలున్నాయి. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా ఆధారం ఇవ్వాలి. పోటీల్లో వాడే పది మీటర్ల తుపాకుల శక్తి ఏడెనిమిది జౌళ్ళు దాటదు కాబట్టి ఏ టెన్షన్ లేదు. కానీ .22 ఎయిర్ గన్, అంటే 5.5 మిల్లీమీటర్లది, లైసెన్సు పరిధిలోకి వస్తుంది. "కాస్త పవర్ ఎక్కువండి, అదే రేటు" అని అమ్మేవాడు చెప్తే వినకండి, పోటీలకి అది ఎలాగూ పనికిరాదు. పిట్టల్ని కొట్టడం సంగతి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను కానీ చెప్పాల్సి వస్తోంది: ఎయిర్ గన్‌తో కొట్టినా అది వేటే, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు చెట్ల మీద వాలితే ఊరికి మంచిదని కాపాడుకునే జనం ఉన్న జిల్లా మనది.

పిస్టలా, రైఫిలా? దీని మీదే నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను, డబ్బు తేడా ఇక్కడే ఉంది.

రైఫిల్ అంటే తుపాకీ ఒక్కటే కాదు. గట్టి కాన్వాస్ జాకెట్, ప్యాంటు, చదునైన బూట్లు, గ్లవ్, ఇవన్నీ ఉంటేనే ఐదున్నర కిలోల దాకా ఉండే రైఫిల్‌ని గంటకు పైగా నిలబడి పట్టుకోగలరు. ఈ బట్టలకే పదుల వేలు అవుతాయి, పైగా ఎదిగే పిల్లలకి రెండేళ్ళలో జాకెట్ బిగుతైపోతుంది. వేసవిలో మన ఉక్కపోతలో ఆ జాకెట్ వేసుకుని ఏసీ లేని షెడ్డులో నిలబడటం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. పిస్టల్‌కి ఇవేవీ అక్కర్లేదు. చదునైన అడుగున్న మామూలు బూట్లు, ఒక కంటికి అడ్డు, అంతే. పిస్టల్ బరువు కిలోన్నర లోపే, బస్సులో పెట్టెతో పట్టుకెళ్ళొచ్చు.

రెండోది గురి బోర్డు. రైఫిల్ బోర్డు మీద పది పాయింట్ల చోటు అర మిల్లీమీటరు చుక్క, తొమ్మిది రింగు ఐదున్నర మిల్లీమీటర్లు. పిస్టల్ బోర్డు మీద పది రింగే పదకొండున్నర మిల్లీమీటర్లు. పైగా 2013 నుంచి రైఫిల్ క్వాలిఫికేషన్‌లో దశాంశాలు లెక్కేస్తున్నారు, 10.9 దాకా. పిస్టల్ క్వాలిఫికేషన్‌లో పది అంటే పదే. దీనివల్ల ఏమవుతుందంటే, పెల్లెట్ కాస్త అటూ ఇటూ పోయినా పిస్టల్ పిల్లాడికి స్కోరు కదలదు, రైఫిల్ పిల్లాడికి ప్రతి షాటులోనూ కోత పడుతుంది. అంటే పిస్టల్ వాళ్ళు ప్రాక్టీసు రకం పెల్లెట్లతో ఏళ్ళు గడిపేయొచ్చు, రైఫిల్ వాళ్ళు త్వరగానే మ్యాచ్ రకానికి మారాల్సి వస్తుంది.

అలాగని అందర్నీ పిస్టల్ వైపు తోసేయడం లేదు. పారిస్ 2024లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక ప్రతి పిల్లా పిస్టలే అంటోంది, కానీ ఒంటి చేత్తో బరువు పట్టుకోవడం పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళలో అందరికీ కుదరదు, కండ పట్టక ముందే మొదలుపెడితే భుజం నొప్పి, చెడ్డ అలవాట్లు రెండూ వస్తాయి. అలాంటి వాళ్ళకి మధ్య దారి ఒకటుంది: ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్, అంటే గొట్టం మీది గాడిలోంచి గురి చూసేది. మన దేశంలో నేషనల్ రూల్స్ కింద ఆ విభాగం ఉంది, స్కూల్ గేమ్స్‌లోనూ ఓపెన్ సైట్, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది), పిస్టల్ అని మూడూ ఉంటాయి. దేశీ స్ప్రింగు రైఫిల్‌తో మొదలుపెట్టొచ్చు, గాలి నింపే ఖర్చు లేదు, ఖరీదైన జాకెట్ వెంటనే అక్కర్లేదు. జిల్లా స్థాయిలో పాల్గొని పిల్లకి ఆట మీద మనసుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే చవక దారి నాకు కనపడలేదు. దీనికున్న ఇబ్బంది ఒక్కటే, ఆ విభాగం దేశం దాటి వెళ్ళదు. అంతర్జాతీయ పోటీకి పీప్ సైట్ రైఫిలో పిస్టలో పట్టాల్సిందే.

సరే, పెల్లెట్ లెక్క. పోటీలో అరవై షాట్లు, ముందు సరిచూసుకునేవి కలిపి రోజుకి ఎనభై వేసుకోండి. నెలకి ఇరవై రోజులు అంటే 1,600. డబ్బాకి ఐదొందలు వస్తాయి, అంటే నెలకి మూడు డబ్బాలు దాటుతుంది. లెక్క కోసం మూడు రకాలు అనుకుందాం: డబ్బా 500 రూపాయలది, 1,000ది, 2,000ది. షాటుకి రూపాయి, రెండు, నాలుగు. నెలకి 1,600, 3,200, 6,400. మధ్య రకానికీ పై రకానికీ ఏడాదికి తేడా 38,400 రూపాయలు. డబ్బా కొనేటప్పుడు వెయ్యి రూపాయలే ఎక్కువ అనిపిస్తుంది, ఏడాది చివర చూస్తే ఆ తేడాలో మంచి జాకెట్ వచ్చేసేది. మీ ఊళ్ళో మీకు దొరికిన రేటు ఈ లెక్కలో పెట్టుకుని చూసుకోండి, రేట్లు డాలరుతో పాటు, దిగుమతితో పాటు మారుతుంటాయి.

ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి మ్యాచ్ రకాలు. అవే కంపెనీలకి ప్రాక్టీసు రకాలూ ఉన్నాయి. డబ్బా మీద 4.49, 4.50 అని ఉండే అంకెలు పెల్లెట్ తల కొలత. కోచ్‌లు తుపాకీని బిగించి రకరకాల తలల పెల్లెట్లు కొట్టి ఏది ఒకే రంధ్రంలో పడుతోందో చూస్తారు. ఇది అవసరమే, కానీ ఎవరికి అవసరం? రైఫిల్‌లో అరవై షాట్లకి దశాంశాలతో నిలకడగా 600 దాటి కొడుతున్న పిల్లకి అవసరం. 560 దగ్గర ఊగుతున్న పిల్లకి ఏ తల కొలతా సాయం చేయదు, ట్రిగ్గర్ వేలే సాయం చేయాలి. తల్లిదండ్రులు ఇక్కడ బాగా మోసపోతున్నారు, స్కోరు పడిపోతే "పెల్లెట్ మార్చండి" అనే సలహా అందరికంటే తేలిగ్గా దొరుకుతుంది కదా.

ఒకే రకం నచ్చితే ఒకే బ్యాచి నంబరు డబ్బాలు నాలుగైదు కలిపి తీసుకోండి, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి తెప్పిస్తే కొరియర్ ఖర్చు కూడా పంచుకోవచ్చు. మరీ యాభై డబ్బాలు కొని పెట్టుకోకండి. సీసం మన తీరపు తేమకి తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది, అలా అయినవి గొట్టంలో పెట్టకూడదు. బిగుతు మూత డబ్బా, అందులో సిలికా జెల్ సంచి, వంటింటికి దూరంగా ఒక అర, ఇది చాలు.

గాలి గురించి. రీలోడింగ్‌లో ఉన్న "ఇంట్లోనే నింపుకోవడం" సరదా తీరాలంటే మనకి చట్టబద్ధంగా మిగిలింది ఇదొక్కటే. పోటీ తుపాకులు ఇప్పుడు ఎక్కువగా పీసీపీలు, అంటే సిలిండరులో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి ముందే నింపి వాడేవి. పిస్టల్‌కి ఒకసారి నింపితే నూట యాభై షాట్ల ప్రాంతంలో వస్తాయి, రైఫిల్‌కి బాగా ఎక్కువ. నింపడానికి మూడు దారులు: చేతి పంపు, పెద్ద సిలిండరు, చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్.

చేతి పంపు అన్నిటికంటే చవక, కానీ చివరి యాభై బార్ ఎక్కించేటప్పుడు పెద్దవాళ్ళకే చెమటలు పడతాయి, పిల్లలు పంపు కొట్టి వెంటనే షూట్ చేస్తే చేతులు వణుకుతాయి. ఇంకా పెద్ద సమస్య తేమ. ఎచ్చెర్ల నుంచి భోగాపురం దాకా మనమంతా సముద్రం గాలి పీల్చేవాళ్ళమే, ఆ గాలిని రెండొందల రెట్లు నొక్కితే అందులోని నీరు ఎక్కడికి పోతుంది? తుపాకీ సిలిండరులోకే. తేమ పట్టే ఫిల్టరు లేని పంపు కొనకండి, ఉన్న ఫిల్టరులోని పూసలు రంగు మారగానే మార్చండి. కొంచెం కొట్టి ఆపి, వేడి తగ్గి నీరు బయటికి వదిలాక మళ్ళీ కొట్టండి.

పెద్ద సిలిండరు క్లబ్బుకి మంచిది. పదిమంది పిల్లలుంటే అదే గిట్టుబాటు. కానీ 200 బార్ సిలిండరుతో తుపాకీ నింపితే మొదటి ఒకటి రెండుసార్లే నిండుగా వస్తుంది, ఆ తర్వాత రెండింటి ఒత్తిడీ సమానమయ్యే చోట ఆగిపోతుంది, నూట అరవైకి దిగాక తుపాకీలోకి కూడా అంతే. 300 బార్ సిలిండరైతే చాలా రోజులు వస్తుంది. దాన్ని నింపించడానికి మాత్రం విశాఖ వైపు చూడాల్సిందే, కొనే ముందే ఎవరు నింపుతారు, ఎంత తీసుకుంటారు అని ఫోన్ చేసి కనుక్కోండి. సిలిండరు మీద పరీక్ష తేదీ ముద్ర ఉండాలి, గడువు దాటితే మళ్ళీ పరీక్ష చేయించాలి.

ఒకరిద్దరు పిల్లలున్న ఇంటికి చిన్న కంప్రెసర్ బాగుంటుంది, ఖర్చు పంపుకంటే ఎక్కువ, సిలిండరు ఏర్పాట్లకంటే తలనొప్పి తక్కువ. నూనె లేని రకం, నీరు వేరుచేసే ఫిల్టరు ఉన్నది చూసుకోండి, వేడెక్కితే ఆపేయండి. తుఫాను సీజన్లో కరెంటు పోతుంది కాబట్టి పోటీకి ముందు రోజు దాకా ఆగకుండా నింపి పెట్టుకోవడం మంచిది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు కరెంటు కోసం ఎన్ని రోజులు చూశారో అక్కడివాళ్ళు మర్చిపోలేదు.

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో పని జరగదు, అది ఇచ్చేది పది బార్ ప్రాంతం. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఇంట్లో తయారుచేసుకునే వీడియోలు చూసి మొదలుపెట్టకండి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, గ్రీజు తగిలితే అంటుకుని పేలుతుంది, ప్రాణం మీదకి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ పీసీపీ కొంటున్నారా? గొట్టం కంటే ముందు సిలిండరు మీద తేదీ చూడండి. మ్యాచ్ తుపాకుల కంపెనీలు సిలిండరుకి పదేళ్ళ గడువు ఇస్తాయి, గడువు దాటని సిలిండరు వాడే బాధ్యత షూటరుదే అని పోటీ నిబంధన కూడా ఉంది. తొమ్మిదో ఏడు నడుస్తున్న సిలిండరుతో వచ్చే తుపాకీకి కొత్త సిలిండరు ధర తగ్గించి బేరం ఆడండి. గాలి తలనొప్పే వద్దనుకునే పిస్టల్ వాళ్ళకి ఒక్కసారి లీవరు లాగి నొక్కితే ఆ షాటుకి సరిపడా గాలి పట్టే పాత రకం పిస్టళ్ళు ఉన్నాయి, బైకాల్ 46ఎం అలాంటిదే. ప్రతి షాటుకీ లీవరు నొక్కాలి కాబట్టి చెయ్యి అలుస్తుంది, కానీ గాలి ఖర్చు సున్నా, ఎండాకాలమైనా చలికాలమైనా వేగం మారదు. మంచి స్థితిలో దొరికితే మొదటి పిస్టల్‌గా నేను దానికే ఓటేస్తాను.

.22 కి మారాలా అని అడిగేవాళ్ళకి: ఇంకా తొందరలేదు. తూటా ఖర్చు పెల్లెట్‌కి ఎన్నో రెట్లు, తుపాకీకి లైసెన్సు లేదా క్లబ్బు ఆయుధం, యాభై మీటర్ల రేంజి, ఇవన్నీ కావాలి. కోరుకొండ సైనిక్ స్కూల్లోనో ఎన్.సి.సి. క్యాంపులోనో అవకాశం వస్తే వదలకండి, సొంత ఖర్చుతో అయితే ఎయిర్‌లో రాష్ట్ర స్థాయి దాటాకే ఆలోచించండి.

పైసా ఖర్చు లేని ప్రాక్టీసు ఒకటుంది, డ్రై ఫైర్. పెల్లెట్ లేకుండా గురి పట్టి ట్రిగ్గర్ నొక్కడం. మ్యాచ్ తుపాకుల్లో దానికి ప్రత్యేకంగా మీట ఉంటుంది. స్ప్రింగు రైఫిల్‌తో మాత్రం చేయకండి, ముందు పెల్లెట్ అడ్డం లేకపోతే పిస్టన్ నేరుగా వెళ్ళి గుద్దుకుంటుంది, సీలు పోతుంది. వారంలో సగం రోజులు డ్రై ఫైర్ చేస్తే పైన చెప్పిన నెల ఖర్చు సగానికి వస్తుంది. డల్లాస్ వాళ్ళు చెప్పిన సగానికి సగం ఇక్కడ నిజంగానే మిగులుతుంది.

ఇంట్లో రేంజి పెట్టుకునేవాళ్ళకి పది మీటర్లతో పాటు నిలబడే చోటు కలిపి పన్నెండు మీటర్లు కావాలి. మన పాత పొడుగు ఇళ్ళలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తేలిగ్గా వస్తుంది, కానీ ఆ దారిలో ఇంకో తలుపు తెరుచుకునేలా ఉంటే అక్కడ పెట్టొద్దు, గొళ్ళెం పెట్టినా సరే. బోర్డు వెనక ఏటవాలు ఇనుప రేకు ఉన్న పెట్టె పెట్టండి, పెల్లెట్ కిందికి జారి పడేలా. ప్రాక్టీసు అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని గానీ టిఫిన్ ముట్టుకోకూడదు, సీసం పిల్లల ఒంట్లోకి వెళ్ళే దారి అదే. పెట్టెలో పోగైన నలిగిన సీసాన్ని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది, తడి గుడ్డతో తీసి డబ్బాలో పోయండి. అది కిలోల్లో పోగయ్యాక పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేయొచ్చు. కరిగించి మళ్ళీ పెల్లెట్లు పోసుకుందాం అనే ఆలోచన వస్తే దాన్ని కూడా అదే డబ్బాలో వేసి ఇచ్చేయండి, ఆ పొగ ఇంట్లో పిల్లలు పీల్చాల్సిన పొగ కాదు, చేత్తో పోసిన పెల్లెట్ పది మీటర్లలో నిలకడగా ఒకే చోట పడదు.